కుండీలో మర్రి చుట్టాలు – ఫైకస్ మొక్కల పెంపకం

పూర్వం సభలకు వచ్చిన పెద్దలకు పూలదండలు వేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల దండకు బదులు ఒక కుండీ మొక్కను చేతికిస్తున్నారు. ఇది మంచి పద్ధతే. దండ సాయంత్రానికి వాడిపోతుంది. మొక్క ఏళ్ల తరబడి ఉంటుంది. అయితే అది ఉండాలంటే చూసుకునే మనిషి ఉండాలి. ఆఫీసుల మెట్ల దగ్గర, బడుల వరండాల్లో, హాస్టళ్ల గుమ్మాల్లో ఒక ఎండు కొమ్మతో మిగిలిపోయిన కుండీలను మనం చూస్తూనే ఉంటాం. అలా కానుకగా వచ్చే మొక్కల్లో తరచుగా కనిపించేవి రబ్బరు మొక్క, ఫైకస్. ఈ రెండూ మర్రి కుటుంబానివే. వీటిని గురించి మేము పుస్తకాల్లో చదివిన విషయాలు, నర్సరీ వాళ్లను అడిగి తెలుసుకున్న విషయాలు, మా హాస్టల్ వరండాలో పెంచుతూ గమనించిన విషయాలు ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాం.

ఫైకస్ అంటే ఏమిటి?

ఫైకస్ అనేది ఒక ప్రజాతి పేరు. ప్రపంచంలో ఈ ప్రజాతికి చెందిన మొక్కలు ఎనిమిది వందల రకాలకు పైగా ఉన్నాయి. మన ఊళ్లలో కనిపించే మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ ఫైకస్‌లే. బజారులో ఎండబెట్టి అమ్మే అంజూరం పండు కూడా ఈ ప్రజాతిదే. పనస, మల్బరీ చెట్లు వీటికి దూరపు చుట్టాలు.

వీటన్నింటికీ కొన్ని పోలికలు ఉన్నాయి. ఆకు తుంచితే తెల్లని పాలు కారతాయి. చిగురును ఒక పల్చని తొడుగు కప్పి ఉంచుతుంది, ఆకు విచ్చుకోగానే ఆ తొడుగు రాలిపోతుంది. రబ్బరు మొక్క చిగురు మీద ఎర్రగా, మిరపకాయలాగా కనిపించేది ఈ తొడుగే. చాలా రకాలకు కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి.

మేడిపండును గురించి వేమన చెప్పిన పద్యం మనందరికీ వచ్చు. అందులో చెప్పిన పురుగుల వెనుక పెద్ద విజ్ఞానం ఉంది. ఫైకస్ చెట్లకు పూలు బయటకు కనిపించవు. మనం కాయ అనుకునే దాని లోపలే వందలాది చిన్న పూలు ఉంటాయి. కాయ కొనన ఉండే సన్నని రంధ్రం గుండా ఒక చిన్న కందిరీగ లోపలికి వెళ్లి పరాగ సంపర్కం చేస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. సాధారణంగా ఒక్కో రకం ఫైకస్‌కు దానికి మాత్రమే సరిపడే కందిరీగ ఉంటుంది. ఆ కందిరీగ లేనిచోట కాయ కాసినా లోపల మొలకెత్తే గింజ ఉండదు. అందుకే ఇంట్లో పెంచే ఫైకస్‌లను ఎక్కువగా గింజలతో కాకుండా అంట్లతో, కొమ్మ ముక్కలతో పెంచుతారు.

కుండీలో ఉన్నది పూలమొక్క కాదు, చెట్టు

ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి దగ్గర ఉన్న తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల మేర విస్తరించింది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మహబూబ్‌నగర్ దగ్గర ఉన్న పిల్లలమర్రి వందల ఏళ్ల నాటిది. 2017 చివరలో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడటంతో సందర్శకులను ఆపవలసి వచ్చింది. 2018లో చెదలు తినేసిన ఆ చెట్టుకు, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టుగా సీసాలు కట్టి మందు ఎక్కించారు. అంత మహావృక్షానికి కూడా కష్టం వచ్చినప్పుడు మనిషి చెయ్యి కావలసి వచ్చింది. ఇక పది అంగుళాల కుండీలో ఉన్న దాని చుట్టం సంగతి చెప్పాలా? నేలలో ఉన్న చెట్టు నీళ్ల కోసం వేరును ఎంత దూరమైనా పంపుకుంటుంది. కుండీలోని చెట్టు వేరు అంగుళం ముందుకు వెళితే గోడ తగులుతుంది. దానికి నీరు, వెలుతురు, ఆహారం అన్నీ మనమే.

ఫైకస్‌ను పాత్రలో పెట్టి కాపాడుకోవడం కొత్త సంగతి కూడా కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుని కుమార్తె సంఘమిత్ర బుద్ధగయలోని బోధివృక్షపు కొమ్మను శ్రీలంకకు తీసుకువెళ్లిందని, దానిని బంగారు పాత్రలో ఉంచి ఓడ ఎక్కించారని మహావంశం చెబుతోంది. అనురాధపురంలో నాటిన ఆ రావిచెట్టుకు నేటికీ కట్టుగొయ్యలు ఆనించి, కాపలా పెట్టి సంరక్షిస్తున్నారు.

ఇళ్లలో పెంచే రకాలు

రబ్బరు మొక్క: పెద్ద, దళసరి, నిగనిగలాడే ఆకులు. మన ఈశాన్య రాష్ట్రాల అడవులు దీని సొంత చోటు. ఒకప్పుడు అస్సాంలో దీని పాల నుంచే రబ్బరు తీసేవారు. తరువాత దక్షిణ అమెరికా నుంచి వచ్చిన హీవియా చెట్టు ఆ స్థానాన్ని ఆక్రమించింది. మేఘాలయలో ఖాసీ, జైంతియా ప్రజలు ఈ చెట్టు ఊడలను వాగు మీదుగా మళ్లించి, ఏళ్ల తరబడి పెంచి, మనుషులు నడిచే వంతెనలుగా మారుస్తారు. ఇంట్లో పెంచేందుకు కొత్తవారికి అన్నింటికంటే అనువైనది ఇదే. ఒక పూట నీళ్లు ఆలస్యమైనా తట్టుకుంటుంది.

బెంజమినా: నర్సరీల్లో ఉత్త ఫైకస్ అని పిలిచేది తరచుగా ఇదే. చిన్న ఆకులు, కిందికి వాలే సన్నని కొమ్మలు. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. కానీ చోటు మారిస్తే అలుగుతుంది. దాని సంగతి తరువాత చెబుతాం.

మైక్రోకార్పా: జువ్వికి దగ్గరి చుట్టం. ఫైకస్ పాండా అనే పేరుతో గుండ్రంగా కత్తిరించి పార్కుల్లో, హోటళ్ల ముందు పెట్టేది ఇందులో రకమే. లావుపాటి దుంపల్లాంటి వేర్లు పైకి కనిపించేలా బోన్సాయ్‌గా అమ్మేది కూడా ఇదే.

కృష్ణ మర్రి: ఆకు అడుగున దొప్పలాగా మడత ఉంటుంది. కృష్ణుడు ఇందులో వెన్న దాచుకున్నాడని చెబుతారు. మర్రిలోనే ఇది ఒక విశేష రకం. దీనికి ఎండ బాగా కావాలి. గదిలో కంటే మేడ మీద, గుమ్మం ముందు పెంచుకోవడం మేలు.

నీరు – కొల్లేటి సీమలో అసలు సమస్య

పుస్తకాల్లో, పత్రికల్లో మొక్కల పెంపకం గురించి రాసేవాళ్లు ఎన్ని నీళ్లు పోయాలో చెబుతారు. మన కైకలూరు ప్రాంతంలో ఎన్ని నీళ్లు అనే దానికంటే ఏ నీళ్లు అనేది ముఖ్యం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు చుట్టుపక్కల చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో సరస్సులో నీరు తగ్గినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. అందుకే మన పెద్దలు తాగునీటి కోసం కాలువ నీటిని చెరువుల్లో నిల్వ చేసుకుంటూ వచ్చారు. మనుషులు తాగలేని బోరు నీటిని కుండీల్లో పోసి, మొక్క ఎందుకు మాడిపోతోందో అర్థం కాక జనం తికమకపడుతుంటారు.

ఉప్పు నీరు మొక్కను ఎలా దెబ్బతీస్తుంది? ద్రవాభిసరణ పాఠం గుర్తు చేసుకుందాం. వేరు లోపలి ద్రవం కంటే మట్టిలోని నీరు పల్చగా ఉన్నప్పుడే నీరు వేరులోకి వెళుతుంది. మట్టిలో ఉప్పు పెరిగితే, తడి ఉన్నా వేరు నీటిని తీసుకోలేదు. చెరువు నిండా నీళ్లున్నా దాహం తీరనట్టే. పొలంలో అయితే వాన వచ్చి ఉప్పును కడుగుతుంది. వరండాలో ఉన్న కుండీ మీద వాన పడదు. మనం పోసిన ప్రతి చెంబు నీటిలోని ఉప్పు అందులోనే పేరుకుంటుంది.

గుర్తులు: ఆకు కొనలు, అంచులు గోధుమ రంగుకు మారి ఎండటం. మట్టి మీద, కుండీ అంచున తెల్లని పొర కనిపించటం.

చేయవలసినవి:
1. వానాకాలంలో చూరు నీటిని డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టి ఉంచాలి. ఇంటి మొక్కలకు ఇంతకు మించిన నీరు లేదు.
2. వాన నీరు లేనప్పుడు కాలువ నీరు లేదా మంచినీటి చెరువు నీరు వాడాలి.
3. బోరు నీరు తప్పనిసరైతే, నెలకొకసారి కుండీని ఆరుబయట పెట్టి, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా మంచి నీరు పోయాలి. పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. వాన పడే రోజున కుండీలను బయట పెడితే ఈ పని వానే చేసిపెడుతుంది.
4. హాస్టల్ వంటగదిలో రోజూ బియ్యం కడిగిన నీళ్లు బకెట్ల కొద్దీ పోతాయి. వాటిని అప్పుడప్పుడు పోయవచ్చు. కానీ పులిసిన నీళ్లు, ఉప్పు వేసిన గంజి పోయకూడదు. చేపలు కడిగిన నీళ్లు పెరటి మొక్కలకు పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఉప్పు రాసి కడిగిన నీళ్లయితే కుండీలో అస్సలు వద్దు. మామూలు నీళ్లయినా వాసనకు చీమలు, పిల్లులు చేరతాయి.

ఇక ఎన్ని నీళ్లు అనే ప్రశ్న. దీనికి గడియారం అక్కరలేదు, వేలు చాలు. వేలిని ఒక అంగుళం లోతు మట్టిలో గుచ్చాలి. పొడిగా తగిలితే నీళ్లు పోయాలి, తడి తగిలితే ఊరుకోవాలి. పోసినప్పుడు అడుగు నుంచి కారేలా నిండుగా పోయాలి. కింద పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. రోజుకు పది మంది తలో చెంబు పోస్తే మొక్కకు మేలు జరగదు. వేర్లకు గాలి అందక కుళ్లిపోతాయి. ఎండకు చచ్చే మొక్కలు కొన్నయితే, ప్రేమ ఎక్కువై చచ్చే మొక్కలు కొన్ని.

మట్టి, కుండీ

మన పల్లపు నేలల్లోని నల్ల ఒండ్రు వరికి మంచిదే గాని కుండీకి పనికిరాదు. తడిస్తే జిగటగా ముద్దకడుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి వేర్లను తెంపుతుంది. రొయ్యల చెరువుల అడుగు మట్టిలో ఉప్పు ఉంటుంది కాబట్టి దాని జోలికి పోకూడదు. నూజివీడు, ద్వారకా తిరుమల వైపు మెట్ట ప్రాంతపు ఎర్రమట్టి దొరికితే మంచిది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుకోవాలి. ఇసుక దొరకకపోతే కొబ్బరి పొట్టు కలపవచ్చు. కొబ్బరి పొట్టును ముందుగా రెండుమూడుసార్లు మంచి నీటిలో కడగాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది.

కుండీ కొనక్కరలేదు. పగిలిన బకెట్టు, రంగు డబ్బా, నూనె డబ్బా ఏదైనా సరే, అడుగున నాలుగైదు రంధ్రాలు ఉంటే చాలు. రంధ్రాల మీద పెంకు ముక్కలు బోర్లించి మట్టి నింపాలి. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద తొట్టిలో పెట్టకూడదు. వేరు అందుకోలేని మట్టి ఎప్పుడూ తడిగా ఉండిపోతుంది. ఉన్న కుండీ కంటే రెండు అంగుళాలు పెద్దది చాలు. రెండేళ్లకొకసారి, తొలకరి తరువాత జూన్, జులై నెలల్లో కుండీ మార్చాలి. కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకున్న వేర్లను కొద్దిగా కత్తిరించి కొత్త మట్టి వేయాలి. వానాకాలమంతా నెలకు ఒక గుప్పెడు వానపాముల ఎరువు వేస్తే సరిపోతుంది.

వెలుతురు

ఇంటి మొక్క అంటే చీకటి మొక్క అని కొందరు అనుకుంటారు. ఏ మొక్కా చీకట్లో ఆహారం తయారు చేసుకోలేదు. ఫైకస్‌కు కిటికీ నుంచి రెండు మూడు అడుగుల లోపు చోటు కావాలి. తూర్పు వరండా అన్నింటికంటే మంచిది. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నపు ఎండ తగలదు. పడమటి ఎండ, వేసవి వడగాడ్పు ఆకులను మాడుస్తాయి. పచ్చ, తెలుపు మచ్చలున్న రకాలకు పత్రహరితం తక్కువ కాబట్టి వాటికి వెలుతురు ఇంకొంచెం ఎక్కువ కావాలి. వారానికొకసారి కుండీని పావు వంతు తిప్పితే మొక్క ఒకవైపుకు వంగిపోకుండా నిటారుగా పెరుగుతుంది. ఆకుల మీద దుమ్ము పేరుకుంటే తడిగుడ్డతో తుడవాలి. మెరుపు కోసం కొబ్బరి నూనె రాయకూడదు. నూనె ఆకు రంధ్రాలను మూసేస్తుంది, దుమ్మును ఇంకా పట్టి ఉంచుతుంది.

అమెరికాలో ఉన్న మన వాళ్లు ఈ మొక్కలను చలికాలంలో ఇంటి లోపల వెచ్చగా ఉంచి కాపాడుకోవాలి. మనకు ఆ బాధ లేదు. మన మొక్కకు శత్రువు చలి కాదు, మే నెల ఎండ.

ఆకులు రాలితే కంగారు పడవద్దు

నర్సరీ నుంచి తెచ్చిన బెంజమినా పదిహేను రోజుల్లో సగం ఆకులు రాల్చేయవచ్చు. చాలామంది మొక్క చచ్చిపోతోందని ఇంకా నీళ్లు పోస్తారు, లేదా చోటు మారుస్తారు. రెండూ చేయకూడదు. ఎక్కువ వెలుతురులో పుట్టిన ఆకు ఆ వెలుతురుకు తగ్గట్టుగా తయారై ఉంటుంది. గదిలోకి రాగానే ఆ ఆకులు మొక్కకు ఖర్చుగా మారతాయి, అందుకని వాటిని వదిలించుకుంటుంది. కొద్ది వారాల తరువాత గది వెలుతురుకు సరిపడే కొత్త ఆకులు వేస్తుంది. కొత్త హాస్టల్‌కు వచ్చిన తమ్ముళ్లు మొదటి నెల రోజులు అన్నం సరిగా తినరు, రాత్రిళ్లు ఇంటి మీద బెంగపడతారు. తరువాత కలిసిపోతారు. మొక్క కూడా అంతే. ఒకచోట పెట్టి, నీళ్లు తగ్గించి, ఓపిక పట్టాలి. కొమ్మను గోటితో గీకి చూస్తే లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉన్నట్టు.

పురుగులు

ఆకుల కింద దూదిలాంటి తెల్లని ముద్దలు కనిపిస్తే పిండినల్లి. కొమ్మలకు గోధుమరంగు పొలుసులు అంటుకుని ఉంటే పొలుసు పురుగు. చిన్న ఆకులు మడతపడి లోపల నల్లని సన్నని పురుగులు ఉంటే తామర పురుగు. కొద్దిగా ఉన్నప్పుడే మడత ఆకులను తుంచి పారేయాలి, మిగిలిన వాటిని సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట వారానికొకసారి పిచికారీ చేయాలి. పిల్లలు పడుకునే గదుల్లో ఘాటైన పురుగుమందులు వాడనే కూడదు.

ఒక హెచ్చరిక. ఫైకస్ పాలు కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు తెప్పిస్తాయి. కళ్లల్లో పడితే ప్రమాదం. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

వేసవి సెలవులు – అసలు పరీక్ష

ఇళ్లలో పెరిగే మొక్కకు, హాస్టల్‌లో పెరిగే మొక్కకు ఉన్న తేడా ఇక్కడే ఉంది. ఏప్రిల్ నెలాఖరులో మనమందరం పెట్టెలు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోతాం. మళ్లీ జూన్ రెండో వారానికి గాని రాము. సంవత్సరంలో మొక్కకు నీరు ఎక్కువగా కావలసిన యాభై రోజులు అవే. హాస్టల్ మొక్క బతుకుతుందా లేదా అనేది జులైలో మనం వేసిన ఎరువు మీద కాదు, ఏప్రిల్‌లో మనం చేసిన ఏర్పాటు మీద ఆధారపడి ఉంటుంది. సీసాకు రంధ్రం చేసి బోర్లించడం వంటి చిట్కాలు రెండు మూడు రోజులకే పనికివస్తాయి. యాభై రోజులకు రావు. మేము పాటించే పద్ధతులు ఇవి:

1. మోయగలిగిన చిన్న కుండీలను దగ్గర ఊళ్ల విద్యార్థులకు పంచుతాం. ఏ కుండీ ఎవరింటికి వెళ్లిందో పుస్తకంలో రాసుకుంటాం. జూన్‌లో హాస్టల్‌కు వచ్చేటప్పుడు పరుపుతోపాటు కుండీ కూడా తిరిగి రావాలి.
2. పెద్ద కుండీలను ఉత్తరపు గోడ నీడలో ఒకేచోట గుంపుగా చేర్చి, సగం లోతు వరకు నేలలో పాతిపెడతాం. మట్టి మీద కొబ్బరి పీచు లేదా ఎండుగడ్డి పరుస్తాం. తడి త్వరగా ఆరిపోదు.
3. సెలవుల్లో హాస్టల్ దగ్గర ఉండే వాచ్‌మన్ బాబాయికి ఏ మొక్కకు ఎన్ని రోజులకొకసారి నీళ్లో కాగితం మీద రాసి ఇస్తాం. నోటిమాటగా చెప్పి వెళ్లిపోము.

మిగిలిన పది నెలలూ ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో కుండీకి ఇద్దరు విద్యార్థులు, ఒకరు పై తరగతి, ఒకరు కింది తరగతి. పై తరగతి అన్న వెళ్లిపోయినా పని తెలిసిన తమ్ముడు ఉంటాడు. అందరి మొక్క అంటే ఎవరి మొక్కా కాదు. పేరు రాసి ఉన్న మొక్కకు ఒక దిక్కు ఉంటుంది.

ఒక మొక్క నుంచి పది మొక్కలు – గూటీ పద్ధతి

తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీలను గురించి వినని వారు ఉండరు. జాతీయ రహదారి వెంట మైళ్ల కొద్దీ కనిపించే ఆ తోటల నుంచి దేశం నలుమూలలకు మొక్కలు వెళతాయి. అక్కడ ఎందరికో జీవనాధారం అంటు కట్టే నైపుణ్యం. అందులో గూటీ కట్టడం మనం కూడా నేర్చుకోవచ్చు. రబ్బరు మొక్కకు ఇది బాగా పనికివస్తుంది.

వానాకాలంలో వేలెడు లావున్న ఆరోగ్యమైన కొమ్మను ఎంచుకోవాలి. ఒక కణుపు కింద, అంగుళం వెడల్పున చుట్టూ బెరడును ఉంగరంలా తీసేయాలి. కారిన పాలను తుడవాలి. తడిపి పిండిన కొబ్బరి పొట్టును లేదా నాచును అక్కడ ముద్దగా పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి, రెండు చివరలా దారంతో గట్టిగా కట్టాలి. నెల నుంచి రెండు నెలల్లో పాలిథిన్ లోపల తెల్లని వేర్లు కనిపిస్తాయి. అప్పుడు వేర్ల కింద కోసి, పాలిథిన్ విప్పి కుండీలో నాటి, రెండు వారాలు నీడలో ఉంచాలి.

ఇది ఎందుకు పనిచేస్తుంది? జీవశాస్త్ర పాఠంలో దారువు, పోషక కణజాలం చదివాం కదా. బెరడుతో పోషక కణజాలం తెగుతుంది, లోపలి దారువు అలాగే ఉంటుంది. వేర్ల నుంచి నీరు పైకి వెళుతూనే ఉంటుంది, ఆకుల్లో తయారైన ఆహారం మాత్రం కిందికి దిగలేక ఉంగరం పై అంచున ఆగిపోతుంది. వేర్లు పుట్టించే హార్మోను ఆక్సిన్ కూడా అక్కడే చేరుతుంది. ఆహారం, హార్మోను, తడి, చీకటి కలిసినచోట వేరు పుడుతుంది. పాఠం పుస్తకంలో చదివిన దానికంటే కొమ్మ మీద చూస్తే మరచిపోలేం. ఒక్క రబ్బరు ఆకును మాత్రమే మట్టిలో గుచ్చితే వేర్లు రావచ్చు గాని, మొగ్గ లేదు కాబట్టి ఎప్పటికీ మొక్క కాదు. కణుపుతో సహా తీసుకోవాలి.

ఇలా తయారైన మొక్కల్లో ఒకదాన్ని పదో తరగతి పూర్తి చేసి వెళ్లే ప్రతి విద్యార్థికి ఇవ్వవచ్చు. ఖర్చు పాలిథిన్ ముక్క, దారం మాత్రమే.

గోడ మీద మొలిచిన రావి

మన హాస్టల్ భవనాల పిట్టగోడల మీద, చూరు గొట్టాల దగ్గర రావి, జువ్వి మొలకలు కనిపిస్తుంటాయి. పక్షులు పండ్లు తిని వేసిన రెట్టలోని గింజలు అవి. గోరంత పగులు చాలు, వేరు దూరుతుంది. వేరు లావెక్కే కొద్దీ పగులు పెద్దదవుతుంది, వానాకాలంలో గదిలోకి నీరు కారుతుంది. అందుకే అరచేతి ఎత్తులో ఉండగానే తీసేయాలి. రావిని నరకకూడదని, పాపమని చాలామందికి సంకోచం ఉంటుంది. నరకనక్కరలేదు. వాన పడిన మరునాడు తడిగా ఉన్నప్పుడు పెద్దల సాయంతో వేరుతో సహా మెల్లగా తీసి కుండీలో పెడితే బతుకుతుంది. అదే ఉచితంగా దొరికిన బోన్సాయ్ మొక్క. మొండెం లావెక్కిన చెట్టయితే మనం ముట్టుకోకూడదు. వార్డెన్ గారికి చెప్పి ఇంజనీరుకు చూపించాలి. పిట్టగోడలు ఎక్కడం అసలే వద్దు.

ఇదే కారణంగా, కుండీలో బాగా పెరిగిన ఫైకస్‌ను జాలిపడి గోడ పక్కన నేలలో నాటకూడదు. సెప్టిక్ ట్యాంకుకు, నీటి గొట్టాలకు, పునాదులకు దాని వేర్లు చేటు తెస్తాయి. కట్టడాలకు కనీసం నలభై అడుగుల దూరం ఉండాలి. నాటవలసిన చోటు ఊరి చెరువు గట్టు, పెద్ద ఖాళీ స్థలం. అక్కడ రావి, మర్రి పెరిగితే వాటి పండ్లు గోరింకలకు, కోయిలలకు ఆహారమవుతాయి. మన పక్కనే ఉన్న ఆటపాకలో పెలికాన్ పక్షులు గూళ్లు కట్టుకోవడానికి ఇనుప మంచెలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. పక్షికి చెట్టు అవసరం ఎంతో దాన్నిబట్టే తెలుస్తుంది.

గాలిని శుభ్రం చేస్తుందా?

మొక్కలు అమ్మేవారు ఇది గదిలోని విషవాయువులను పీల్చేస్తుందని చెబుతుంటారు. 1989లో నాసా శాస్త్రవేత్తలు బెంజమినాతో సహా కొన్ని మొక్కలను మూసిన చిన్న పెట్టెల్లో ఉంచి పరీక్షించిన మాట నిజం. కానీ మనం ఉండేది మూసిన పెట్టెలో కాదు. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నీ పరిశీలించి, మామూలు గాలి రాకపోకలు చేసే పనిని మొక్కలతో సాధించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. అన్ని మొక్కలు పెడితే మనం పడుకోవడానికి చోటు ఉండదు. అలాగే ఏ చెట్టయినా ఆక్సిజన్ విడుదల చేయడానికి వెలుతురు కావాలి. రాత్రి పూట మొక్కలు కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుంటాయి. అయితే అది ఎంతో కొద్ది, భయపడనక్కరలేదు. నలభై మంది పడుకునే గదికి మంచి గాలి కావాలంటే మార్గం ఒక్కటే, కిటికీలు తెరవాలి, దోమల జాలి బిగించాలి. మొక్క ఇచ్చేది వేరు. కంటికి పచ్చదనం, చేతికి పని, మనసుకు ఓపిక.

చదువుకు దారి

మొక్కల మీద ఆసక్తి ఉన్నవారికి మన దగ్గరలోనే మంచి అవకాశం ఉంది. తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంగా పిలుస్తున్నారు. పదో తరగతి తరువాత ఉద్యాన పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. ఇంటర్ బైపీసీ తరువాత నాలుగేళ్ల డిగ్రీ ఉంది. మన తల్లిదండ్రుల్లో చాలామంది పరుల పొలాల్లో, చెరువుల మీద కూలికి వెళ్లేవారే. మట్టి పని చేతకానితనం కాదని, అది కూడా ఒక శాస్త్రమని, దానికీ పట్టాలు ఉన్నాయని మనం తెలుసుకుంటే వారి శ్రమ విలువ మనకు ఇంకా బాగా తెలుస్తుంది.

మిత్రులారా, మొక్కై వంగనిది మానై వంగునా అని మన సామెత. కుండీలోని చెట్టుకు సరైన చోటు, మంచి నీరు, పేరు పెట్టి చూసుకునే ఇద్దరు మనుషులు ఉంటే అది మనకంటే ఎక్కువ కాలం ఈ హాస్టల్‌లో ఉంటుంది. ఈ ఏడు వార్షికోత్సవానికి వచ్చిన మొక్కలకు నేడే పట్టికలో పేర్లు రాయండి. వేసవి ఏర్పాటు మార్చిలోనే మొదలుపెట్టండి. మన తరువాత వచ్చే తమ్ముళ్లకు ఖాళీ కుండీలు కాదు, నీడనిచ్చే ఆకులు అప్పగిద్దాం.